చిత్తడి నేలలు: నీటి రాకపోకల మీద బతికే ప్రదేశాలు

పటంలో నేలకూ నీటికీ మధ్య ఒక గీత ఉంటుంది. ఆ గీత రుతువును బట్టి, కొన్నిచోట్ల పూటను బట్టి కూడా జరుగుతూ ఉండే ప్రదేశాలే చిత్తడి నేలలు. బాడవలు, ఊబులు, వరద మైదానాల్లోని మడుగులు, నదీ ముఖాలు, మడ అడవులు, పీట్ నేలలు, లోతు తక్కువ సరస్సులు, చెరువులు, వరి మళ్ళు అన్నీ వీటిలోకే వస్తాయి. ఇరాన్‌లో కాస్పియన్ తీరాన ఉన్న రామ్‌సర్ పట్టణంలో 1971 ఫిబ్రవరి 2న కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం వీటికి చాలా విశాలమైన నిర్వచనం ఇచ్చింది. సహజమైనవైనా మనిషి చేసినవైనా, ఏడాది పొడవునా తడిగా ఉన్నా కొన్ని నెలలే ఉన్నా, నిలవ నీరైనా పారే నీరైనా, మంచినీరైనా ఉప్పునీరైనా చిత్తడి నేలలే. సముద్రంలో ఆటు సమయానికి ఆరు మీటర్ల లోతు మించని భాగం కూడా అందులో చేరింది. ఇంత వెడల్పాటి నిర్వచనం దేనికీ అక్కరకు రాదని, పగడపు దిబ్బనూ వరి మడినీ ఒకే గాటన కట్టడం శాస్త్రం కాదని విమర్శించినవారున్నారు. విమర్శలో నిజం లేకపోలేదు. అయినా ఈ ప్రదేశాల్లో చాలావాటిని కలిపే లక్షణం ఒకటుంది. అక్కడ ఎంత నీరుందన్న దానికంటే ఆ నీరు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోతుందన్నదే అక్కడి జీవాన్ని నిర్ణయిస్తుంది. చిత్తడి నేలల అందానికీ ప్రయోజనానికీ మూలం ఈ రాకపోకలే. అందుకే వాటిని రెండు రకాలుగా చంపవచ్చు. ఎండగట్టి చంపడం అందరికీ తెలిసినదే. ఎప్పటికీ తగ్గని నీటితో నింపి చంపడం గురించి మాట్లాడేవారు తక్కువ.

ముందు ఆ మట్టి సంగతి. నీటిలో ప్రాణవాయువు గాలిలోకంటే దాదాపు పది వేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. నేల నీట మునిగిన కొద్ది రోజులకే మట్టిలో ఉన్న కాస్త ప్రాణవాయువునూ సూక్ష్మజీవులు వాడేస్తాయి. ఆ తరువాత అవి బతకడానికి వేరే దారులు వెతుక్కుంటాయి. కొన్ని నైట్రేటును, కొన్ని ఇనుమును, ఉప్పునీటిలో అయితే సల్ఫేటును వాడుకుంటాయి. అవేవీ దొరకనప్పుడు మిగిలేది మీథేన్ పుట్టించే దారి. నాటు వేసిన నెల తరువాత వరి మొక్కను పీకి, వేరు కడిగి చూస్తే ఈ రసాయన శాస్త్రమంతా కంటికి కనిపిస్తుంది. చుట్టూ మట్టి బూడిద రంగులోనో నలుపులోనో ఉంటుంది, వేరు చుట్టూ మాత్రం తుప్పు రంగు పూత ఉంటుంది. ఆకు పీల్చిన గాలిని మొక్క కాండంలోని గొట్టాల ద్వారా వేరు దాకా దింపుతుంది. వేరు నుంచి కారిన ఆ ప్రాణవాయువు బురదలో కరిగి ఉన్న ఇనుమును తాకి తుప్పుగా మారుస్తుంది. తామర తూడును విరిచినప్పుడు కనిపించే రంధ్రాలూ, మడ చెట్ల చుట్టూ బురదలోంచి మేకుల్లా నిక్కి ఉండే శ్వాసవేర్లూ చేసే పని ఇదే. పొలాల నుంచి ఎరువుగా కొట్టుకొచ్చిన నత్రజనిని ప్రమాదం లేని వాయువుగా మార్చి గాలిలోకి పంపడానికి గాలి ఆడే పొరా, గాలి ఆడని పొరా పక్కపక్కనే ఉండాలి. ఒక పొరలో తయారైన నైట్రేటు రెండో పొరలో విడిపోతుంది. నీరు ఎక్కి దిగే నేలలో ఈ రెండు పొరలూ ఒకదాని చోటులోకి ఒకటి వస్తూ ఉంటాయి. చిత్తడి నేల మురికిని వడగడుతుందని అందరూ అంటారు. ఆ వడపోతను నడిపించేది నీటిమట్టంలోని ఈ మార్పేనన్నది మాత్రం వెనకబడిపోతుంది.

పక్షుల విషయంలోనూ ఇంతే. పులికాట్‌లోనో కొల్లేటిలోనో శీతకాలంలో కనిపించే కొంగలు, బాతులు, రాజహంసలు, ఉల్లంకులు ఒకే నీటిలో తింటున్నట్టు దూరం నుంచి అనిపిస్తుంది. నిజానికి వాటి కాలి పొడవూ ముక్కు పొడవూ ఒక్కోదాన్ని ఒక్కో లోతుకు పరిమితం చేస్తాయి. ఉల్లంకి వేళ్ళు తడిసేంత నీటిలోనే తిరుగుతుంది, రాజహంస మోకాటి లోతులో నిలబడుతుంది, గూడబాతుకు ఈదేంత లోతు కావాలి. నీరు నెమ్మదిగా తీస్తున్నప్పుడు ఈ లోతుల పట్టీలన్నీ సరస్సు మీదుగా రోజురోజుకూ జరుగుతూ, ప్రతి పక్షికీ కొత్త మేతను బయటపెడతాయి. నీటిమట్టం కదలకుండా ఉంటే ఒకే లోతు, ఒకే రకం మేత, ఒకటో రెండో జాతులు. అంటే మనం అందమని చూసేది ఆ నీరు తీయడాన్నే. సౌందర్యం వేరు, ప్రయోజనం వేరు అని విడదీసి, మొదటిది పర్యాటకుల సంగతి, రెండోది ఇంజినీర్ల సంగతి అని పంచిపెట్టడం చిత్తడి నేలల విషయంలో కుదరదు.

ఈ కదలిక ఎంత పెద్ద ఎత్తున జరగగలదో చూడాలంటే ఆఫ్రికాలో ఒకవాంగో, దక్షిణ అమెరికాలో పాంటనాల్ ఉన్నాయి. ఒకవాంగో నది అంగోలా ఎత్తు నేలల్లో పుట్టి సముద్రం దాకా పోకుండా బోట్స్‌వానా ఇసుకలో విస్తరించి ఆగిపోతుంది. అంగోలాలో వానలు పడేది నవంబరు నుంచి మార్చి వరకు. భూమి వాలు అతి స్వల్పం కాబట్టి ఆ నీరు డెల్టా అంతా పరుచుకునేసరికి జూన్, జులై, ఆగస్టు వస్తుంది. అప్పుడు అక్కడ వానల్లేని పొడి కాలం. చుట్టూ వందల కిలోమీటర్ల దాకా నీటిచుక్క లేని వేళకు వరద వస్తుంది కనుకనే ఏనుగులూ అడవి దున్నలూ అక్కడికి చేరతాయి. వచ్చిన నీటిలో దాదాపు అంతా ఆవిరైపోతుంది. ఆ లెక్కన డెల్టా ఏనాడో ఉప్పు కయ్య కావాలి. అలా కాలేదంటే చాలావరకు దీవుల్లోని చెట్ల పుణ్యమే. అవి నీటిని పీల్చి ఉప్పును దీవి మధ్యభాగం కింద వదిలేస్తాయి. అందుకే ఆ దీవులకు అంచు పచ్చగా, నడుమ బోడిగా ఉంటుంది. ఆ దీవుల్లో చాలావాటికి మొదలు ఒక చెదపుట్ట. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో వెయ్యో స్థలంగా చేరింది ఇదే. బ్రెజిల్, బొలీవియా, పరాగ్వే దేశాల్లో లక్షన్నర చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న పాంటనాల్‌లోనూ వరద ఉత్తరం నుంచి దక్షిణానికి నెలల తరబడి నడుస్తుంది. 2020లో ఆ నడక సరిగా సాగని ఏడాది మంటలు రేగి, నాలుగో వంతుకు పైగా ప్రాంతం కాలిపోయింది.

నీరు ఎక్కువై చచ్చే చిత్తడి నేలకు మణిపుర్‌లోని లోక్‌తక్ సరస్సును మించిన ఉదాహరణ దొరకదు. దాని మీద గడ్డి, వేర్లు, కుళ్ళిన ఆకులు, మట్టి పెనవేసుకుని తేలే దట్టమైన చాపలుంటాయి. స్థానికులు వాటిని ఫుమ్‌డీలంటారు. వాటిలో పెద్దదే కేయిబుల్ లమ్‌జావో జాతీయోద్యానం. నేలలేని ఈ ఉద్యానంలో సంగాయ్ అనే జింక బతుకుతుంది. అది అంతరించిపోయిందని 1951లో ప్రకటించాక, రెండేళ్ళకు మళ్ళీ కనిపించింది. 1975 లెక్కలో మిగిలినవి 14. ఫుమ్‌డీ బతికే తీరు వానకూ ఎండకూ ముడిపడి ఉంది. వానాకాలంలో తేలుతుంది, ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడు దిగి సరస్సు అడుగును తాకుతుంది. అప్పుడు పైనున్న మొక్కల వేర్లు అడుగు మట్టిలోని సారాన్ని తీసుకుని, తరువాతి వరదకు మళ్ళీ లేస్తాయి. 1983లో జలవిద్యుత్తు కోసం ఇథాయ్ బ్యారేజీ కట్టి సరస్సును ఏడాదంతా ఎత్తుగా నిలిపారు. నీరు పెరిగింది కాబట్టి సరస్సు బాగుపడిందని కాగితం మీద చెప్పవచ్చు. జరిగింది వేరు. ఫుమ్‌డీలకు అడుగు అందలేదు. ఏటా పలచబడుతూ, జింక బరువు మోయలేనంత సన్నగా తయారయ్యాయి. చుట్టుపక్కల పొలాలు మునిగాయి. నది నుంచి సరస్సులోకి ఎక్కే చేపలకు బ్యారేజీ అడ్డమైంది. స్వభావం దెబ్బతింటున్న చిత్తడి నేలల పేర్లతో రామ్‌సర్ ఒప్పందం నడిపే మాంట్రో పట్టికలో 1993లో లోక్‌తక్ చేరింది.

తెలుగు నేలలో ఇదే కథ కొల్లేటిది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటి వాగులూ డెల్టా మురుగు కాలువలూ దిగుతాయి. బయటికి పోవడానికి ఉన్న దారి ఒక్క ఉప్పుటేరే. ఎన్నో దారుల్లో నీరు వచ్చి ఒక్క సన్నని దారిలో పోవాలంటే మధ్యలో నీరు సాగి నిలవడానికి చోటు కావాలి. వానాకాలంలో ఉబ్బి, వేసవిలో కుంచించుకుపోయే ఆ చోటే కొల్లేరు. ఉబ్బినప్పుడు వరదను ఆపుకునేది, కుంచించుకున్నప్పుడు లంక గ్రామాలవారికి వరి పండించుకునే నేలను ఇచ్చేది. కొర్రమీనులాంటి నల్ల చేపలు ఈ లయకు అలవాటుపడ్డవి. వాటికి నీటిలోని ప్రాణవాయువు చాలకపోతే పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు. 1970ల్లో ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాలతో చేపల చెరువులు తవ్వించడం మొదలుపెట్టింది. ఉద్దేశం మంచిదే. లాభం కనిపించాక పెట్టుబడిదారులు లీజులతో దిగారు. సరస్సు గర్భంలో గట్ల మీద గట్లు లేచాయి. ప్రతి గట్టు లోపలా శీలావతి, బొచ్చె చేపల కోసం ఏడాదంతా ఒకే మట్టంలో నిలిపిన నీరు. ఆకాశం నుంచి చూస్తే నీరే కనిపిస్తుంది, సరస్సు తగ్గినట్టే ఉండదు. కానీ వరద నీటికి కావలసింది ఖాళీ చోటు. నిండు కుండలో మరో చెంబు పట్టదు.

1999లో ఐదో కాంటూరు (ఎత్తు గీత) వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లను, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో గట్లను పేల్చి చెరువులు తొలగించారు. ఆ తరువాత చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉంది. దాన్నంతటినీ కొల్లేటి ఆక్రమణల మీదికి నెట్టేయడం సరికాదు. అసాధారణమైన వాన, గట్లకు పడ్డ గండ్లు, వాగు ఒడ్డునే పెరిగిన ఊరు అన్నీ కారణాలే. అయినా ఆ వాగు చివర ఉన్న సరస్సు తన నీటిని ఎంత తొందరగా పుచ్చుకోగలదన్న ప్రశ్నను ఏ ఇంజినీరూ పక్కన పెట్టలేడు.

ఎండగట్టడం చరిత్ర ఇంకా పాతది. యూరప్‌లోనూ అమెరికాలోనూ అది చాలాకాలం పౌరుషానికీ నాగరికతకూ గుర్తు. అమెరికా కేంద్ర ప్రభుత్వం 1849, 1850, 1860 సంవత్సరాల్లో చట్టాలు చేసి, ఎండబెట్టి సాగులోకి తెచ్చే షరతు మీద ఊబి నేలలను రాష్ట్రాలకు ధారాదత్తం చేసింది. 1780ల నుంచి 1980ల లోపు అలాస్కా, హవాయి కాక మిగిలిన అమెరికాలో సగానికి పైగా చిత్తడి నేలలు పోయాయి. ఎండగడితే నేలకు ఏమవుతుందో ఇంగ్లండులో హోమ్ ఫెన్ అనే చోట ఒక ఇనుప స్తంభం చూపిస్తుంది. 1851లో పక్కనున్న విట్ల్‌సీ సరస్సును తోడేసినప్పుడు ఆ స్తంభాన్ని పీట్ మట్టిలోకి, తల నేలమట్టానికి వచ్చేలా దింపారు. ఇప్పుడు దాని తల మనిషికి రెండింతలకు పైగా ఎత్తులో, సుమారు నాలుగు మీటర్ల మీద ఉంది. స్తంభం లేవలేదు, నేల కుంగింది. పీట్ అంటే గాలి ఆడక కుళ్ళకుండా వేల ఏళ్ళుగా పేరుకున్న మొక్కల శిథిలం. నీరు తీయగానే గాలి తగిలి అది నెమ్మదిగా కాలినట్టే తరిగి, బొగ్గుపులుసు వాయువుగా పైకి పోతుంది. కుంగిన నేలలోకి నీరు మళ్ళీ ఊరుతుంది కనుక ఇంకా లోతుగా తోడాలి. అప్పుడు నేల ఇంకా కుంగుతుంది. నెదర్లాండ్స్ గాలిమరల వెనకున్న కథలో చాలా భాగం ఇదే. మధ్యయుగంలో పీట్ నేలను సాగుకు ఎండబెట్టారు, అది కుంగింది, తోడక తప్పలేదు, ఇంతవరకూ ఆపలేదు. ఆ దేశమే 2006 నుంచి ‘నదికి చోటు’ అనే పథకం కింద కొన్నిచోట్ల కరకట్టలను వెనక్కి జరిపి, సాగునేలను వరదకు తిరిగి ఇచ్చింది.

ఇండొనేషియా అదే పనిని కొన్నేళ్ళలో చేసింది. 1995 చివర్లో సుహార్తో ప్రభుత్వం మధ్య కాలిమంతాన్‌లో పది లక్షల హెక్టార్ల పీట్ అడవిని వరి పొలాలు చేయాలని తీర్మానించి, నాలుగు వేల కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వించింది. ఆ ఆమ్ల నేలలో వరి పండలేదు. కాలువలు మాత్రం నీటిని లాగేశాయి. 1997లో ఎల్ నినో కరవు వచ్చి మంటలు అంటుకుంటే పైన చెట్లతోపాటు కింద నేలే కాలింది. ఆ ఏడాది ఇండొనేషియా పీట్ మంటల నుంచి వెలువడిన కర్బనం 81 కోట్ల నుంచి 257 కోట్ల టన్నుల మధ్య ఉంటుందని 2002లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. అప్పటికి ప్రపంచమంతా ఏటా బొగ్గు, చమురు, గ్యాసు కాల్చి వదిలే కర్బనంలో అది 13 నుంచి 40 శాతం. అంచనాలో ఇంత తేడా ఉన్నా, కింది అంకె కూడా చిన్నది కాదు. భూభాగంలో దాదాపు 3 శాతం ఉన్న పీట్ నేలల్లో ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటిలోకంటే ఎక్కువ కర్బనం ఉంది. కాంగో నది పరీవాహకం నడుమ 1,45,500 చదరపు కిలోమీటర్ల పీట్ ఉందనీ, అందులో సుమారు 3,000 కోట్ల టన్నుల కర్బనం దాగి ఉందనీ శాస్త్రవేత్తలు లెక్క తేల్చింది 2017లోనే. ఇంత పెద్దది ఇంతకాలం లెక్కలోకే రాలేదన్నది చిత్తడి నేలల మీద లోకానికి ఉన్న శ్రద్ధకు కొలమానం.

ఇక్కడే ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. సహజంగా వెలువడే మీథేన్‌లో అత్యధిక భాగం చిత్తడి నేలల నుంచే వస్తుంది. వేడి పట్టి ఉంచడంలో మీథేన్ బొగ్గుపులుసు వాయువుకంటే ఎన్నో రెట్లు బలమైనది. అలాంటప్పుడు వాతావరణం పేరు చెప్పి వీటిని కాపాడమనడం ఎంతవరకు సబబు? లెక్క రెండు వైపులా చూడాలి. మీథేన్ గాలిలో నిలిచేది పదేళ్ళ పైచిలుకు. పాత ఊబి నుంచి వచ్చేది అంతే వేగంతో విరిగిపోతూ వాతావరణంలో ఎప్పుడో ఒక స్థాయికి చేరి ఉంది. ఎండబెట్టిన పీట్ నుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువు అలా కాదు, శతాబ్దాల పాటు పేరుకుంటూనే పోతుంది. ఎండబెట్టిన కొద్దిపాటి పీట్ నేలలే మనుషుల వల్ల వెలువడే ఉద్గారాల్లో నాలుగైదు శాతానికి కారణమవుతున్నాయి. మడ అడవుల్లో, ఉప్పు బాడవల్లో సముద్రపు సల్ఫేటు వల్ల మీథేన్ పుట్టుక బాగా తక్కువ. అయితే ఈ జవాబుకు హద్దుంది. కొత్తగా తవ్వి, ఎరువు నీటితో నింపి, ఎప్పుడూ ఆరనివ్వని మడుగు మీథేన్ ఎక్కువగానే వదులుతుంది. వరిలో అప్పుడప్పుడూ నీరు తీసి ఆరగడితే మీథేన్ తగ్గుతుందని తెలిసిందే. నీటి రాకపోకల మాట ఇక్కడా నిలబడుతుంది.

రెండో అభ్యంతరం దోమలది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది సికిందరాబాదులోనే. ఇటలీలో రోము దక్షిణాన ఉన్న పాంటీన్ ఊబులను 1930ల్లో ఎండబెట్టాక అక్కడ జనం నిశ్చింతగా కాపురం ఉండగలిగారు. 1943లో జర్మన్ సైన్యం ఆ నేలలను కావాలని మళ్ళీ ముంచినప్పుడు మలేరియా తిరగబెట్టింది. ఎండబెట్టడం ప్రాణాలు కాపాడిన సందర్భాలు ఉన్నాయన్నది వాస్తవం. కానీ ఈనాటి మన మలేరియా, డెంగీలకు పుట్టిళ్ళు వేరు. నగరాల్లో మలేరియాను మోసే దోమ మూతలేని ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో పెరుగుతుంది. డెంగీ దోమకు పాత టైరు, కూలరు, పూలకుండీ చాలు. ఆ చోట్ల చేపలుండవు, తూనీగ పిల్లలుండవు. బతికున్న చెరువులో దోమపిల్లను తినేవి చాలా ఉంటాయి. మురుగు కలిపి చెరువును చంపాక దోమలు పెరిగితే ఆ నింద చెరువుకు అంటగట్టలేం.

వరద, తుపాను విషయాల్లో పొగడ్త ఎక్కువై సాక్ష్యం తక్కువవుతుంటుంది కాబట్టి నిలదొక్కుకున్న రెండు ఉదాహరణలు చాలు. అమెరికాలో బోస్టన్ నగరానికి ఎగువన చార్లెస్ నది మీద ఆనకట్టలు కట్టడం కంటే అక్కడి బాడవలను కొని అలాగే వదిలేయడం చవక అని ఆ దేశపు సైనిక ఇంజినీర్లే తేల్చారు. ఆ పథకానికి 1974లో అనుమతి వచ్చింది. సుమారు ఎనిమిది వేల ఎకరాలు సేకరించారు. రెండోది ఒడిశా. 1999 అక్టోబరు పెను తుపానులో కేంద్రపాడ జిల్లాలో సముద్రానికీ తమకూ నడుమ వెడల్పాటి మడ అడవి ఉన్న గ్రామాల్లో మరణాలు తక్కువగా ఉన్నాయని 2009లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. అదే అధ్యయనం ముందస్తు హెచ్చరిక మడ అడవికంటే ఎక్కువ ప్రాణాలు కాపాడిందనీ చెప్పింది. మన కోరింగ మడ అడవుల గురించి రాసేటప్పుడు ఈ రెండో వాక్యాన్ని వదిలేయడం పరిపాటి. వదలనక్కర్లేదు. హెచ్చరిక మనిషిని తప్పిస్తుంది, ఇల్లూ పొలమూ అక్కడే ఉంటాయి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం బతుకుతెరువుది. పక్షుల కోసం మనుషుల్ని ఖాళీ చేయిస్తారా అని కొల్లేటి లంకల్లో అడిగే ప్రశ్నకు న్యాయమైన జవాబు ఉండాలి. భరత్‌పుర్‌లోని కేవలాదేవ్ ఉద్యానం ఈ విషయంలో అధికారులకు నేర్పిన పాఠం ఖరీదైనది. ఆ చిత్తడి నేల ఆనకట్ట నీటితో రాజులు పెంచిన వేట మైదానం. 1982లో పక్షుల మేలు కోరి గేదెల మేతను నిషేధించారు. గ్రామస్థులు తిరగబడితే పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. తరువాత గేదెలు మేయని గడ్డి నీటినంతా కప్పేసి, ఆ పక్షులకే చోటు తగ్గిందని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ సుదీర్ఘ అధ్యయనం తేల్చింది. మనిషి చేయి పడ్డ ప్రతిచోటా చిత్తడి నేల చెడుతుందన్న భావన తప్పు. కోల్‌కతా తూర్పున 12,500 హెక్టార్లలో మత్స్యకారులు నగరపు మురుగును భేరీలనే లోతు తక్కువ చెరువుల్లోకి మళ్ళించి, ఎండ సాయంతో నాచుగా, నాచును చేపగా మార్చి అదే నగరానికి అమ్ముతున్నారు. దాని విలువ లోకానికి చెప్పినవాడు ధ్రువజ్యోతి ఘోష్ అనే ఇంజినీరు. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర బీల అనే చిత్తడి భూములను తాప విద్యుత్ కేంద్రానికి కేటాయించినప్పుడు అవి పనికిరాని భూములని కాగితాల్లో ఉంది. ఆ నీటితోనే పొలాలు తడుపుకునే, ఆ నీటిలోనే చేపలు పట్టుకునే జనం ఎదురు నిలిచారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. అక్కడ చిత్తడి నేలను కాపాడినవాళ్ళూ బతుకుతెరువు కోసం పోరాడినవాళ్ళూ ఒక్కరే. బతుకుతెరువు అనే మాట వినగానే ఎవరి బతుకుతెరువు అని అడగాలి. గట్టు కట్టి నీటిని నిలిపినవాడి లాభం అతని ఖాతాలో పడుతుంది. నీరు పోవడానికి చోటులేక మునిగినవాడి నష్టం ఏ ఖాతాలోనూ పడదు.

చట్టం కూడా ఈ విషయంలో సగం కళ్ళతోనే చూస్తోంది. భారతదేశపు 2017 చిత్తడి నేలల నియమాలు వరి పొలాలనూ, సాగునీటికీ తాగునీటికీ ప్రత్యేకంగా కట్టిన జలాశయాలనూ తమ పరిధి నుంచి తప్పించాయి. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టుగా కట్టిన తెలంగాణ చెరువులు ఈ లెక్కన చాలావరకు బయటే ఉంటాయి. ఆ చెరువుకు తూము ఎంత ముఖ్యమో, అదనపు నీటిని కింది చెరువుకు పంపే మత్తడి అంత ముఖ్యం. వేసవిలో నీరు తీశాక బయటపడే చెరువు గర్భంలో, అంటే శిఖంలో, దోస, పుచ్చ తీగలు వేసుకునేవారు. హైదరాబాదులో శిఖం మీద కాలనీలు లేచాయి. మిగిలిన నీటి చుట్టూ కొన్నిచోట్ల రాతి కట్టుబడి, నడక దారి, దీపాలు పెట్టి, ఏడాదంతా నిండుగా కనిపించేలా చేసి సుందరీకరణ అన్నారు. ఉల్లంకి దిగడానికి అక్కడ అంచే లేదు. 2020 అక్టోబరు వానకు ఒక చెరువు నీరు కింది చెరువుకు పోయే దారి లేక ఇళ్ళలోకి నడిచింది.

ప్రపంచంలో ఎంత చిత్తడి నేల పోయిందన్న లెక్కలోనూ తగవుంది. 1700 నుంచి 87 శాతం పోయిందని 2014లో ఒక సమీక్ష చెప్పింది. 2023లో వచ్చిన పునర్నిర్మాణ అధ్యయనం ఆ నష్టం 34 లక్షల చదరపు కిలోమీటర్లేనని, అంటే ఐదో వంతు మాత్రమేనని సవరించింది. పెద్ద అంకె తగ్గడం చూసి ఊరట చెందేవారు ఆ సగటు వెనక యూరప్, అమెరికా, చైనా, భారత్‌లలో నష్టం ఎంతో ఎక్కువని గమనించాలి. మనుషులు దట్టంగా ఉన్న చోటనే, అంటే చిత్తడి నేలతో ఎక్కువ అవసరం ఉన్న చోటనే అది ఎక్కువగా పోయింది.

తిరిగి తేవడం సాధ్యమేనా అంటే, నీటి దారి తెరిచిన చోట సాధ్యమైంది. చిలికా సరస్సుకు సముద్రపు ముఖం పూడి ఉప్పదనం పడిపోయి, చేపల దిగుబడి ఏడాదికి రెండు వేల టన్నుల లోపుకు జారింది. 2000 సెప్టెంబరులో కొత్త ముఖం తవ్వాక రెండేళ్ళు తిరక్కముందే పది వేల టన్నులు దాటింది. 1993లో మాంట్రో పట్టికకు ఎక్కిన చిలికా 2002లో దాని నుంచి బయటపడింది. ఫ్లోరిడాలో 1960ల్లో తిన్నటి కాలువగా మార్చిన కిసిమీ నదికి కొంత మేర పాత మెలికలు తిరిగి ఇచ్చి 2021లో పని ముగించారు. ఇరాక్ కథ ఇంకా నడుస్తోంది. టైగ్రిస్, యూఫ్రటీస్ కలిసే చోట ఒకప్పుడు 15 నుంచి 20 వేల చదరపు కిలోమీటర్ల రెల్లు బాడవలు ఉండేవి. రెల్లు మోపులను వంచి కట్టిన ముధీఫ్ అనే పెద్ద చావడులు అక్కడి జనానివి. 1991 తిరుగుబాటు తరువాత సద్దాం హుస్సేన్ ప్రభుత్వం కట్టలూ కాలువలూ వేసి పదేళ్ళలో అందులో దాదాపు 90 శాతాన్ని ఎండగట్టింది. 2003లో జనమే కట్టలు తెంపారు, నీరు వచ్చింది, రెల్లు లేచింది, గేదెలు తిరిగి వచ్చాయి. 2016లో యునెస్కో గుర్తింపు దక్కింది. అయితే ఎగువన తుర్కియే, సిరియా, ఇరాన్‌లతోపాటు ఇరాక్ సొంత ఆనకట్టలూ ఇప్పుడు ఆ నదులను పట్టి ఉంచుతున్నాయి. మునుపు కొండల మీద మంచు కరిగిన వసంతంలో ఒక్కసారిగా వచ్చి బాడవల్లోని ఉప్పును కడుక్కుపోయే వరద ఇప్పుడు రావడం లేదు. వచ్చినంత నీరు కొద్దికొద్దిగా వస్తుంది, ఎండకు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. కరవు ఏళ్ళలో ఆ ఉప్పునీరు తాగలేక గేదెలు చస్తున్నాయి, వాటిని మేపుకునేవారు బస్రా వైపు వలస పోతున్నారు.